బావి నీళ్లలో పెట్రోలు వాసన, ల్యాబు రిపోర్టులో మాత్రం ఏమీ లేదట

#1 · బావిగట్టు

అందరికీ నమస్కారం. మాది నల్గొండ జిల్లాలో రహదారి పక్క ఊరు. ఊరి చివర మాకు కొద్దిపాటి బత్తాయి తోట, అందులో మా తాత తవ్వించిన ఊటబావి ఉన్నాయి. బావికి సుమారు అరవై మీటర్ల ఎగువన ఒక పెట్రోలు బంకు ఉంది. సంక్రాంతి దాటి నీటిమట్టం దిగడం మొదలైన దగ్గర నుంచి బావి మెట్లు దిగితే చాలు, పెట్రోలు వాసన వస్తోంది. నీళ్ల మీద అక్కడక్కడా రంగురంగుల పొర కడుతోంది. మోటారు వేస్తే కాసేపు కాలువ వెంట కూడా అదే వాసన.

బంకు యజమాని మా నాన్నగారికి తెలిసినవాడే. ‘పరీక్ష చేయించండి, ఉందని తేలితే నేనే చూసుకుంటాను’ అన్నాడు. తాగునీటి సీసాలో రెండు లీటర్లు పట్టి పట్టణంలోని ల్యాబుకు ఇచ్చాం. ఫ్లోరైడు కాస్త ఎక్కువే ఉంది (మా జిల్లాలో అది లేకపోతేనే వింత). ‘ఆయిల్ అండ్ గ్రీజు’ అన్న వరుసలో మాత్రం ‘గుర్తించదగిన స్థాయి కంటే తక్కువ’ అని రాశారు. ఇప్పుడు ఆయన ఆ కాగితం చూపించి ‘ఇంకేమిటి?’ అంటున్నాడు. ముక్కును నమ్మాలా, కాగితాన్ని నమ్మాలా?

#2 · తాటివనం

రంగుల పొర కనిపించగానే పెట్రోలు అనుకోవద్దు. ఇనుము ఎక్కువున్న నీళ్లలో ఒక రకం బాక్టీరియా పెరిగి అచ్చం నూనె పొరలాంటిదే కడుతుంది. ఒక పుల్లతో పొరను కదిలించి చూడండి. బాక్టీరియా పొర పెళుసుగా ముక్కలై, విడిపోయింది విడిపోయినట్టే ఉంటుంది. నూనె అయితే పుల్ల పక్కకు పోగానే మళ్లీ వచ్చి కలుసుకుంటుంది. బంకువాళ్లతో గొడవ పెట్టుకునే ముందు ఇది చూసుకోండి, పైసా ఖర్చు లేదు.

#3 · బావిగట్టు

చూశాను తాటివనం గారూ. మెట్ల మూలన ఉన్న పొర మీరన్నట్టే పెళుసుగా విరిగింది. నడిమధ్యన ఉన్నది మాత్రం మళ్లీ కలుసుకుపోతోంది. అంటే రెండూ ఉన్నాయన్నమాట. వాసన ఆ మధ్యలో ఉన్న దానిదే.

#4 · గాజుసీసా

నేను నీటి పరీక్షల ల్యాబులోనే పనిచేస్తాను. ఆ రిపోర్టు తప్పని అనను. అడగవలసిన ప్రశ్న ఎవరూ అడగలేదు, అంతే.

‘ఆయిల్ అండ్ గ్రీజు’ పరీక్షలో నీళ్లలో హెక్సేను అనే ద్రావకం పోసి బాగా కుదుపుతాం. నీళ్లలోని జిడ్డు హెక్సేనులోకి వస్తుంది. ఆ హెక్సేనును వేరుచేసి, వేడి మీద ఆవిరి చేసి, అడుగున మిగిలినదాన్ని తూకం వేస్తాం. వంటనూనె మిగులుతుంది, ఇంజను ఆయిలు మిగులుతుంది. పెట్రోలు మాత్రం మిగలదు. హెక్సేను మరిగేది 69 డిగ్రీల దగ్గర, పెట్రోలులోని తేలిక భాగాల్లో ఒకటైన బెంజీను మరిగేది 80 దగ్గర. హెక్సేనును తోలేసేటప్పుడే పెట్రోలులోని తేలిక భాగం కూడా దాని వెంట పోతుంది. మిగిలిన ఖాళీ గిన్నెను తూచి ‘ఏమీ లేదు’ అని రాస్తాం. పైగా మీ నీళ్లు ప్లాస్టిక్ సీసాలో, మూత కింద గాలి ఉండగా, ఎండలో బస్సెక్కి వచ్చాయి. ల్యాబు గడప తొక్కే సరికే సగం ఎగిరిపోయి ఉంటుంది.

మీరు అడగవలసింది బీటెక్స్ పరీక్ష. బెంజీను, టోలుయీను, ఇథైల్‌బెంజీను, జైలీను, ఈ నాలుగింటినీ కలిపి అలా అంటాం. ‘పర్జ్ అండ్ ట్రాప్’ (నీళ్లలోంచి ఆవిరయ్యేవాటిని వాయువుతో తోలి పట్టుకునే అమరిక) ఉన్న జీసీ-ఎంఎస్ యంత్రం మీద చేయాలి, అది ఆ రసాయనాలను ఒక్కొక్కటిగా వేరుచేసి గుర్తిస్తుంది. ల్యాబుకు ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా అని అడిగితే సరిపోదు. ఆ గుర్తింపు ఒక్కో పరీక్షకు విడివిడిగా ఉంటుంది కాబట్టి, బీటెక్స్‌కు ఉందా అని అడగండి. పెట్రోలు శ్రేణి, డీజిలు శ్రేణి హైడ్రోకార్బన్లను విడివిడిగా చూడమనండి. అంకెలతో పాటు క్రొమటోగ్రామ్ (ఆ యంత్రం గీసే గ్రాఫు) ముద్రణ కూడా ఇవ్వమనండి. పెట్రోలైతే మొదట్లోనే సన్నటి శిఖరాలు గుంపుగా లేస్తాయి. డీజిలైతే ఆలస్యంగా, సమాన దూరంలో వరుసగా నిలబడతాయి. అలవాటైన కన్ను చూడగానే చెబుతుంది.

నమూనాకు ల్యాబే 40 మిల్లీలీటర్ల గాజు వయల్స్ (చిన్న సీసాలు) ఇస్తుంది. వాటిలో ముందే కొన్ని చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, దాన్ని కడిగేయకండి. నీటిని వయల్ గోడ మీదుగా నెమ్మదిగా జారవిడవండి. అంచుదాకా నిండి, మూతి మీద నీరు చిన్న గుబ్బలా ఉబ్బినప్పుడు మూత పెట్టండి. తరవాత తలకిందులు చేసి వేలితో తట్టండి. బుడగ కనిపించిందంటే దాన్ని వదిలేసి ఇంకొకటి పట్టండి, అదే వయల్‌లో మళ్లీ పోయవద్దు. వెంటనే ఐసు పెట్టెలో పెట్టాలి. రెండు వారాల లోపు పరీక్ష జరగాలి. ల్యాబు వాళ్లు శుద్ధ నీటితో నింపిన వయల్ ఒకటి ఇస్తారు, దాన్ని తెరవకుండా మీ వెంట తీసుకెళ్లి తీసుకురండి. దానిలో కూడా బెంజీను తేలితే దారిలో ఎక్కడో అంటుకుందని అర్థం. ఆ రోజు మాత్రం మీ బండికి పెట్రోలు పోయించుకోవద్దు! నవ్వులాట కాదు, నమూనాలు తీసేవాళ్లందరూ పాటించే నియమమే ఇది.

#5 · శిలాజలం

నమూనా సంగతి తరవాత, ముందు ప్రాణాల సంగతి. భూగర్భజలాల పనిలో చాలా ఏళ్లు ఉన్నవాడిగా చెబుతున్నాను. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, బావి అడుగున పేరుకుంటుంది. బావిలోకి ఎవరూ దిగవద్దు. బావి దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు. ‘వెలిగించి చూద్దాం’ అనే వీరులు ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు, వాళ్లను ముందే పట్టుకుని కూర్చోబెట్టండి. మోటారు స్టార్టరు బావి గదిలోనే ఉంటే కరెంటువాళ్లను పిలిచి దూరంగా మార్పించండి.

ఆ నీళ్లు ఇంట్లో ఎవరైనా తాగుతున్నారా?

#6 · బావిగట్టు

తాగడానికి డబ్బా నీళ్లే కొంటున్నాం. స్నానానికీ, గిన్నెలకూ మాత్రం బావి నీళ్లే. మరిగించి వాడుకుంటే సరిపోదా?

#7 · శిలాజలం

మరిగించడం ఇక్కడ తప్పు మందు. సూక్ష్మజీవులైతే చస్తాయి కానీ, బెంజీను గాలిలోకి లేస్తుంది. మూసిన స్నానాలగదిలో వేడినీళ్లు పోసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఇంట్లోని ఆర్ఓ యంత్రాన్ని కూడా నమ్ముకోవద్దు. బొగ్గు ఫిల్టరు కొంత పడుతుంది కానీ నిండిన రోజున చెప్పిపెట్టి మానదు. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఇంటి వాడకమంతా ఆపేయండి.

#8 · కొత్తకొమ్మ

నేను భూగర్భశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతున్నాను. ఒక సందేహం. వాసన పూర్తిగా పోతే నీళ్లు మంచివైనట్టేనా?

#9 · గాజుసీసా

కాదు. నీళ్లలో బెంజీను వాసన మనిషికి తెలియాలంటే లీటరుకు 10 మిల్లీగ్రాముల దాకా ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి పెట్టిన హద్దు 10 మైక్రోగ్రాములు. మధ్యలో వెయ్యి రెట్ల తేడా ఉంది. పెట్రోలు కలిసిన నీటికి వాసన తెచ్చేది ఎక్కువగా టోలుయీను, జైలీను, ఇథైల్‌బెంజీను. అవి చాలా తక్కువ మోతాదులోనే ముక్కుకు తగులుతాయి. కాబట్టి వాసన వస్తే అనుమానించండి. రాకపోతే నిశ్చింతగా ఉండమని మాత్రం ఎవరూ చెప్పలేరు.

లెక్క కావాలంటే చూడండి. బీఎస్-6 పెట్రోలులో బెంజీను ఘనపరిమాణంలో 1 శాతం దాకా ఉండవచ్చు. అంటే లీటరు పెట్రోలులో దాదాపు 8.8 గ్రాములు. అదంతా నీళ్లలో కరిగితే 8,80,000 లీటర్ల నీటిని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు దాకా తీసుకెళ్లగలదు. ఒక్క లీటరు!

#10 · డిప్‌రాడ్

చమురు కంపెనీలో బంకుల నిర్వహణ చూసి విరమణ చేసినవాణ్ణి. అటువైపు సంగతి కూడా కొంత చెబుతాను, ఎందుకంటే ప్రతి బంకు యజమానీ దొంగ అన్నట్టు మాట్లాడటం నాకు నచ్చదు. చాలామందికి తమ ట్యాంకు కింద ఏం జరుగుతోందో తెలియదు.

రోజూ పొద్దున ట్యాంకులో డిప్ రాడ్ (కొలత గీతలున్న కడ్డీ) దించి మట్టం రాస్తారు. నిన్నటి నిల్వ, వచ్చిన లోడు, అమ్మకం కలిపి లెక్క చూస్తారు. కొంత తరుగు ఎలాగూ ఉంటుంది. పెట్రోలు ఆవిరవుతుంది, ఉష్ణోగ్రతను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. 10,000 లీటర్ల నిల్వ ఒక్క డిగ్రీ చల్లబడితే దాదాపు 10 లీటర్లు తగ్గినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు సెకనుకు ఒక్క చుక్క కారే లీకును ఊహించుకోండి. రోజుకు నాలుగు లీటర్ల పైచిలుకు, ఏడాదికి పదిహేను వందల లీటర్లు. ఈ నాలుగు లీటర్లు ఆ పది లీటర్ల చాటున హాయిగా దాక్కుంటాయి. రిజిస్టరు శుభ్రంగా ఉంటుంది, యజమాని నిజాయితీగా ‘నా దగ్గర ఏమీ పోలేదు’ అంటాడు.

అందుకే ఒక రోజు తరుగు చూసి లాభం లేదు. నెలల తరబడి తరుగును వరుసగా కాగితం మీద గీత గీసి చూడాలి. ఆవిరి నష్టం, ఉష్ణోగ్రత తేడాలు అటూ ఇటూ ఊగుతాయి. లీకు ఒకే వైపుకు లాగుతుంది.

ఇంకొకటి. అందరూ ట్యాంకునే అనుమానిస్తారు. నేను చూసినంతలో గొట్టాలు, జాయింట్లు, లారీ దింపుకునే మూతి దగ్గర ఒలికేది, ఇవే ఎక్కువ.

#11 · ప్రవాసి_ఎడిసన్

న్యూజెర్సీలో ఇదే పని చేస్తున్నాను, పాత బంకుల కింద నేలను పరిశీలించడం. ముక్కునా కాగితాన్నా అని అడిగారు కాబట్టి ఒక సంగతి. 2021 నవంబరులో హవాయిలోని రెడ్ హిల్ దగ్గర అమెరికా నేవీ భూగర్భ ఇంధన నిల్వ నుంచి జెట్ ఇంధనం కారి తాగునీటి బావిలోకి చేరింది. ఆ నీటి వ్యవస్థ మీద 93,000 మంది ఆధారపడి ఉన్నారు. మొదట ఫిర్యాదు చేసింది ఏ యంత్రమూ కాదు, కుళాయి తిప్పి వాసన పసిగట్టిన కుటుంబాలు. నీరు ప్రమాదకరమనే సూచనలేమీ లేవని అధికారులు మొదట్లో చెప్పారు. చివరికి 2022 మార్చిలో ఆ నిల్వ కేంద్రాన్నే మూసేస్తామని రక్షణ మంత్రి ప్రకటించవలసి వచ్చింది.

మీ విషయంలో కొంత ధైర్యం చెప్పగలను. కాలిఫోర్నియాలో లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల 1995లో వందలాది బంకుల లీకులను పరిశీలించి, నీటిలో కరిగిన బెంజీను మూలం నుంచి 250 అడుగులు దాటడం అరుదని తేల్చింది. దారిలోనే బాక్టీరియా దాన్ని తినేస్తుంది. మీ బావి 60 మీటర్లు, అంటే దాదాపు 200 అడుగులు. హద్దు లోపలే ఉన్నారు కానీ, అంచున ఉన్నారు. ఇది ఊరంతా పాకుతుందని భయపడనక్కర్లేదు.

#12 · శిలాజలం

ప్రవాసి గారూ, ఇక్కడ మిమ్మల్ని ఆపాలి. ఆ 250 అడుగులు ఇసుక, ఒండ్రు నేలల లెక్క. అక్కడ నీరు రేణువుల సందుల గుండా మెల్లగా, దాదాపు ఒకే తీరున నడుస్తుంది. నల్గొండది గ్రానైటు నేల. పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద పగుళ్ల బండ, ఇంకా కింద గట్టి రాయి. మొరంలో నీరు మీరన్నట్టే నెమ్మదిగా పోతుంది. పగుళ్లలోకి దిగిందంటే మాత్రం దాని తీరు వేరు. ఒక పగులు పొడి, దాని పక్కది నిండుగా ఉంటుంది. బంకుకు 30 మీటర్ల దూరంలోని బోరు శుభ్రంగా ఉండి, 300 మీటర్ల దూరంలోది పాడవడం ఇక్కడ వింత కాదు.

దానికి తోడు మన బోర్లు. కేసింగు పైపు మొరం దాకానే దించుతాం, ఆ కింద వందల అడుగులు ఉత్త రంధ్రమే. పై పొరలో తేలుతున్న పెట్రోలుకు కిందికి దిగడానికి అది తయారుగా ఉన్న దారి. ఎండిపోయి రాయి మూత పెట్టి వదిలేసిన బోర్లు కూడా అంతే. బావిగట్టు గారూ, బంకు చుట్టూ అర కిలోమీటరు లోపల ఉన్న బోర్లు, బావులు, ఎండిన బోర్లతో సహా కాగితం మీద గుర్తుపెట్టండి. లోతు, కేసింగు ఎంత, ఎప్పుడు వేశారు, ఏ రోజుల్లో మోటారు నడుస్తుంది, ఇవన్నీ రాయండి. ఈ పటం లేకుండా ఎంత ఖరీదైన పరీక్ష చేయించినా చీకట్లో తడుముకోవడమే.

వేసవిలోనే వాసన ఎందుకని అడగలేదు కానీ చెబుతాను. పెట్రోలు నీటి కంటే తేలిక కాబట్టి నీటిమట్టం మీద తేలుతుంది. మట్టం దిగితే దానితోపాటు దిగుతూ దారి పొడుగునా మట్టికి పూసుకుంటుంది. వానలకు మట్టం లేచినప్పుడు ఆ పూత నీళ్ల అడుగున చుక్కలుగా చిక్కుకుపోతుంది. అప్పుడు బావిలో పొర కనిపించదు, వాసన తగ్గుతుంది, అందరూ పీడ విరగడైందనుకుంటారు. మళ్లీ ఎండాకాలం వస్తుంది.

#13 · ప్రవాసి_ఎడిసన్

పగుళ్ల బండ సంగతి కాదనను. అయితే కరిగిన బెంజీను ఎక్కడైనా కొంత తగ్గుతూనే పోతుంది, ఆ మాట వదులుకోను. నాకు అంతకంటే దిగులు ఇథనాలు. ఇప్పుడు మన దగ్గర అమ్మేది 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు. బాక్టీరియాకు ఇథనాలు ఎంతో ఇష్టం, ముందు దాన్నే తింటుంది. ఆ తిండితో నీళ్లలోని ఆక్సిజను అయిపోతుంది. అప్పుడు బెంజీనును తినే పని మందగించి అది ఇంకొంచెం దూరం పాకుతుంది. 1995 నాటి అంకెలను ఈ కారణం చేత కూడా యథాతథంగా తీసుకోలేం.

#14 · తాటివనం

ఇద్దరూ బాక్టీరియా తినేస్తుందనే అంటున్నారు కదా. మరి నాలుగేళ్లు ఆ బావి వాడకుండా వదిలేస్తే పోదా? ఇంత ఖర్చు, ఇంత హడావిడి ఎందుకు?

#15 · శిలాజలం

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం బెమిడ్జి దగ్గర 1979 ఆగస్టులో ముడిచమురు పైపులైను పగిలి సుమారు 17 లక్షల లీటర్లు నేల మీద పడ్డాయి. అక్కడి భూగర్భ సర్వే సంస్థ 1983 నుంచి అక్కడే కాపు కాసి చూస్తోంది. బాక్టీరియా పని చేస్తున్న మాట నిజమే, అక్కడి కొలతల వల్లే ఆ సంగతి ప్రపంచానికి ఇంత బాగా తెలిసింది. దశాబ్దాలు గడిచినా చమురు మాత్రం ఇంకా ఉంది. పైగా అది ఒక్కసారి ఒలికి ఆగిపోయినది. మీరు వదిలేయమంటున్నది ఇంకా కారుతున్నదాన్ని. కుళాయి కట్టకుండా నేల తుడిస్తే ఏం లాభం? మూలం ఆగిందని తేలాక వేచి చూడటం గురించి మాట్లాడుకోవచ్చు.

#16 · ఓరుగల్లు_వకీలు

చట్టం వైపు క్లుప్తంగా. ఫిర్యాదు కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, దాని నకలు కలెక్టరుకు. నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు విడిగా నియమావళి తెచ్చింది. అనుమానిత స్థలాలను జిల్లా యంత్రాంగం గుర్తించి తెలియజేయాలి, ఆపైన ప్రాథమిక అంచనా, పూర్తి పరిశీలన గడువుల ప్రకారం జరగాలి. శుభ్రం చేసే ఖర్చు కాలుష్యానికి కారకులైనవారిది.

జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లవలసి వస్తే కాలపరిమితి మరవవద్దు. 14వ సెక్షను కింద వివాదానికి ఆరు నెలలు, 15వ సెక్షను కింద పరిహారానికి అయిదేళ్లు. రెండింటికీ అరవై రోజుల దాకా మినహాయింపు ఇవ్వవచ్చు. కాబట్టి వాసన మొదట తెలిసిన తేదీని ఎక్కడైనా రాసిపెట్టుకోండి. కొత్త బంకులకు ఇళ్ల నుంచి 50 మీటర్ల దూరమని కేంద్ర మండలి 2020 జనవరిలో పెట్టిన నిబంధన గురించి చాలామంది నన్ను అడుగుతారు. మీ బంకు అంతకంటే పాతదైతే దాని మీద ఆశలు పెట్టుకోవద్దు. మీ బలమంతా నీటి పరీక్షలోనే ఉంది.

#17 · బావిగట్టు

ఫలితాలు వచ్చాయి. గాజుసీసా గారు చెప్పినట్టే వయల్స్‌లో పట్టాం, హైదరాబాదులో పరీక్ష చేయించాం. శిలాజలం గారి మాట విని బావి ఒక్కదానితో ఆపకుండా రోడ్డు అవతల హోటలు బోరు నీళ్లు, మా తోట కింది కొస బోరు నీళ్లు కూడా పంపాం.

మా బావిలో బెంజీను లీటరుకు 40 మైక్రోగ్రాములు. కింది కొస బోరులో ఏమీ లేదు. రోడ్డు అవతలి హోటలు బోరులో 260! వెంట తిప్పిన శుద్ధ నీటి వయల్‌లో ఏమీ లేదు. హోటలాయన తన నీళ్ల వాసనను ఇన్నాళ్లూ ఆగిన లారీలదని అనుకున్నాడట. రిపోర్టు చూపించగానే టీకీ వంటకీ ట్యాంకరు నీళ్లు తెప్పిస్తున్నాడు.

నాకు అర్థం కానిది ఒకటే. నేల వాలు మా తోట వైపు. హోటలు బంకు కంటే ఎత్తులో ఉంది. అక్కడ ఎక్కువ ఎలా వచ్చింది?

#18 · గాజుసీసా

క్రొమటోగ్రామ్ చూశాను, పంపినందుకు థాంక్స్. డీజిలు జాడ లేదు, అచ్చంగా పెట్రోలే. హోటలు బోరు నమూనాలో బెంజీను, టోలుయీను శిఖరాలు మిగతావాటి కంటే బాగా ఎత్తుగా ఉన్నాయి. నీళ్లలో త్వరగా కరిగి, త్వరగా కడిగేసుకుపోయేవి ఆ రెండే. అవి ఇంకా అంత ఎత్తున ఉన్నాయంటే ఇది ఎప్పుడో పదేళ్ల కిందటి మరక అనిపించడం లేదు. కారడం ఇంకా జరుగుతూ ఉండాలి. కోర్టులో నిలిచే మాట కాదు ఇది, దర్యాప్తుకు దారి చూపే మాట.

#19 · శిలాజలం

నేల వాలు చూసి నీటి వాలు చెప్పకూడదు. హోటలు బోరు ఎంత లోతు, రోజుకు ఎంతసేపు నడుస్తుంది?

#20 · బావిగట్టు

రెండు వందల అడుగులు. పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా ఆగుతూ నడుస్తూనే ఉంటుంది, లారీలు కూడా అక్కడే కడుగుతారు.

#21 · శిలాజలం

అదే కారణం కావచ్చు. పొద్దస్తమానం తోడే బోరు తన చుట్టూ నీటిమట్టాన్ని గరాటులా కిందికి లాగుతుంది. బంకు కిందినుంచి అటువైపు పగులు ఒకటి ఉంటే పెట్రోలు కలిసిన నీరు ఎగువకైనా సరే అటే పోతుంది. మీ బావిది పక్కవాటు మాత్రమే.

దీన్ని ఊహగా వదలకూడదు. బంకు చుట్టూ కనీసం మూడు పీజోమీటర్లు (నీటిమట్టం కొలవడానికి వేసే సన్నటి బోర్లు), ఒకే గీత మీద కాకుండా త్రికోణంగా వేయాలి. ప్రతిదాని మూతి ఎత్తును లెవెలింగు చేసి, ఒకే రోజు ఒకే వేళ నీటిమట్టాలు కొలిస్తే నీరు ఎటు వాలుతోందో తేలుతుంది. మొరంలో వేసేవి మొరంలోనే ఆపాలి, బండలోకి పొడిస్తే మనమే కొత్త దారి తీసినట్టు. తవ్వేటప్పుడు ప్రతి మీటరుకు కాస్త మట్టి జిప్పు సంచిలో వేసి, మూసి, కాసేపు ఉంచి, చిన్న రంధ్రం చేసి పీఐడీ మీటరు ముక్కు పెడతాం. సంచిలోని ఆవిరిని అది లెక్క చెబుతుంది. ఏ లోతున అంకె ఒక్కసారిగా ఎగబాకుతుందో అక్కడి మట్టినే ల్యాబుకు పంపాలి. ఊరికే మీటరు లోతున గుప్పెడు మట్టి తీసి పంపితే ఖర్చు తప్ప ఏమీ రాదు.

#22 · డిప్‌రాడ్

బావిగట్టు గారూ, ఆ బంకులో పంపు ఎక్కడుంది? పెట్రోలు పోసే యంత్రంలోనా, ట్యాంకులోనా? యజమానిని అడిగి చెప్పండి.

#23 · బావిగట్టు

అడిగాను. రెండేళ్ల కిందట మార్చారట, ఇప్పుడు ట్యాంకులో మునిగి ఉండే పంపు. రిపోర్టు చూశాక ఆయన కూడా కంగారుపడ్డాడు. రాత్రంతా అమ్మకం ఆపి డిప్ చూశాడు. రాత్రి ఎంత ఉందో పొద్దున అంతే ఉంది. ‘ట్యాంకు గట్టిగానే ఉంది చూడండి’ అంటున్నాడు.

#24 · డిప్‌రాడ్

ట్యాంకు గట్టిగానే ఉండవచ్చు. లైను సంగతి దానివల్ల తెలియదు.

పాత పద్ధతిలో పంపు పైన యంత్రంలో ఉండి పెట్రోలును పీల్చుకుంటుంది. గొట్టానికి చిల్లి పడితే గాలి లోపలికి వస్తుంది, పెట్రోలు వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది, యంత్రం సరిగా పోయదు, వెంటనే తెలిసిపోతుంది. ట్యాంకులో మునిగిన పంపు అలా కాదు, పెట్రోలును ఒత్తిడితో బయటికి నెడుతుంది. గొట్టం జాయింటులో సన్నటి సందు ఉన్నా పంపు నడిచిన ప్రతిసారీ చిమ్ముతుంది, అమ్మకం మాత్రం మామూలుగానే సాగుతుంది. పంపు ఆపిన రాత్రి ఒత్తిడి ఉండదు, కాబట్టి దాదాపు ఏమీ పోదు, డిప్ నిలకడగా ఉంటుంది. కావలసింది లైను ఒత్తిడి పరీక్ష. ట్యాంకు నుంచి యంత్రాల దాకా ఉన్న గొట్టాన్ని రెండు వైపులా మూసి, ఒత్తిడి పెట్టి, గేజీ ముల్లు దిగుతుందేమో చూడటం. కంపెనీవాళ్ల ద్వారానే చేయించాలి. మార్పిడి జరిగిన నాటి నుంచి తరుగు రిజిస్టరు కూడా తీయించండి, గీత అక్కడి నుంచి ఒక వైపుకు వంగిందేమో తెలుస్తుంది.

తుప్పు కూడా చూడమనండి. 1992 ఏప్రిల్‌లో మెక్సికోలోని గ్వాదలహారాలో వీధుల కింద మురుగు కాలువలు పేలి 200 మందికి పైగా చనిపోయారు. జింకు పూత ఉన్న నీటి గొట్టం ఉక్కు పెట్రోలు గొట్టానికి తగులుతూ ఉండి, రెండు లోహాల మధ్య విద్యుత్ చర్య వల్ల చిల్లి పడింది. అక్కడ కూడా పేలుడుకు ముందు కొన్ని రోజులు జనం వాసన వస్తోందని చెబుతూనే ఉన్నారు. మీ బంకు దగ్గర మురుగు కాలువ, కేబుళ్ల గొట్టాలు ఉంటే వాటి మూతుల దగ్గర కూడా పీఐడీ పెట్టించండి.

#25 · బావిగట్టు

లైను పరీక్షకు వచ్చే వారం ఇంజనీర్లు వస్తామన్నారు. మండలి కార్యాలయం నుంచి కూడా ఒకరు వస్తారట. ఆ రోజు నేను ఏం చూసుకోవాలి?

#26 · ఓరుగల్లు_వకీలు

గేజీ అంకెలు, వేళ పంచనామాలో రాయించి, చదివాకే సంతకం పెట్టండి. పరీక్షకు ముందు గొట్టం ఎక్కడైనా తవ్వి బిగిస్తే, బిగించక ముందు ఫోటో తీయించండి. మీ ఫోనుతో మాత్రం బంకు లోపల తీయవద్దు, నియమం ప్రకారం కుదరదు, వాళ్లనే తీసి ఇమ్మనండి.

#27 · గాజుసీసా

మండలివారు నీళ్లు పడితే అదే వేళ, అదే చోట మీరు కూడా ఒక జత వయల్స్ నింపుకోండి. వాళ్లవీ మీవీ ఒకే ల్యాబుకు పంపవద్దు.

#28 · శిలాజలం

హోటలు బోరు ముందు రోజు రాత్రి నుంచి ఆపించండి. మోటారు వేయక ముందు అన్ని బావులు, బోర్లలో మట్టం కొలవండి, తరవాత మోటారు వేయించి గంట గంటకూ మళ్లీ కొలవండి. మీ బావిలో మట్టం కూడా కదిలితే రెండింటికీ సంబంధం ఉన్నట్టే.

#29 · బావిగట్టు

హోటలాయనతో మాట్లాడాను. ‘లారీలు కడగకపోతే బేరం పోతుంది’ అని గొణిగి, చివరికి ఒక పూటకు ఒప్పుకున్నాడు. కొలిచే టేపు భూగర్భజల శాఖవాళ్లు ఇస్తామన్నారు. లైను పరీక్ష అయ్యాక అంకెలు ఇక్కడే పెడతాను.